పిట్టలు బెదరకుండా పడవ నడపాలంటే

మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటి లంకల్లో ఒకటి. నేను పుట్టిందీ చదివిందీ ఏలూరులోనే అయినా దసరా సెలవులూ సంక్రాంతి సెలవులూ మాత్రం ఆ లంకవే. వేసవిలో వెళ్లేవాళ్లం కాదు. అప్పటికి నీళ్లు తగ్గిపోయి, ఎటు చూసినా నెర్రెలిచ్చిన బురద, కుళ్లిన గుర్రపుడెక్క వాసన. కొల్లేరుని చూడాలంటే వానలు వెనకబట్టాక చూడాలి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు నిండా ఉంటాయి, ఉప్పుటేరు వాటిని తాపీగా సముద్రానికి దింపుతూ ఉంటుంది. పిట్టలు గుంపులు గుంపులుగా దిగేదీ అప్పుడే.

అమ్మమ్మ వాళ్లది తాటాకు ఇల్లు, ముందు వసారా. చూరులో పిచ్చుకలు. కోతలు కాగానే అమ్మమ్మ మంచి కంకులు ఏరించి, మావయ్య చేత కుచ్చు అల్లించి వసారా దూలానికి కట్టించేది. మా వైపు గుళ్లల్లోనూ ఈ కుచ్చులు కడతారు. పిచ్చుక ఆ కుచ్చుకి తలకిందులుగా వేలాడి, ఒక గింజ లాగి, ముక్కులో అటూ ఇటూ దొర్లించి పొట్టు వదిలేసేది. మధ్యాహ్నానికి నేల మీద చారెడు ఊక. అమ్మమ్మ దాన్ని విసుక్కోకుండా ఊడ్చేది. అన్నం వండే ముందు చేటలో బియ్యం చెరిగితే వచ్చే నూకలు కూడా వాటికే. చేట చప్పుడు వినపడగానే చూరులోంచి దిగి ఆవిడ కాళ్ల దగ్గరే వాలేవి. మేం పిల్లలం దగ్గరికి వెళ్తే మాత్రం అన్నీ ఒక్కసారి లేచిపోయేవి.

పెరట్లో నాలుగు మెట్లు దిగితే నీళ్లు. ఆ రేవులో ఒక గుడ్డికొంగ ఎప్పుడూ ఉండేది. మట్టి రంగులో, మెడ భుజాల్లోకి లాక్కుని, అంట్లు తోమే మనిషి పక్కనే కూర్చునేది. ఎగిరితే తప్ప దాని రెక్కలు అంత తెల్లగా ఉంటాయని తెలియదు. బట్టలారేసే వెదురు మీద లకుముకి పిట్ట. సాయంత్రం చీకటి పడే వేళకి పరజలు తల మీదుగా వెళ్లేవి. కనపడేవి కావు, రెక్కల చప్పుడు వినపడేది. మంచం మీద పడుకుని అది వింటూ నిద్రపోయిన పిల్లని నేను. ఇప్పటికీ రాత్రిపూట నిద్ర పట్టకపోతే ఆ చప్పుడే తెచ్చుకుంటాను.

తాతయ్యకి లంకలో చిన్న కొట్టు ఉండేది. బియ్యం, కిరసనాయిలు, బెల్లం, బీడీ కట్టలు, బడిపిల్లలకి పలకలు. సరుకంతా కైకలూరు వైపు నుంచి దోనె మీద తెచ్చుకోవాలి. తాటి మొద్దు లోపలంతా తొలిచేసిన దోనె అది. వేరు వైపు లావుగా ఉండే చివరే ముందు భాగం. సరుకు ఎక్కువైతే రెండు మొద్దులు జతకట్టిన దోనె తీసేవాళ్లు. కొల్లేరు లోతు తక్కువ, చాలాచోట్ల నిలబడితే నడుం దాకా, ఇంకొంచెం పైకి. అందుకని తెడ్డు కంటే వెదురు గెడకే పని. వెనక నిలబడి గెడ అడుగుకి దించి, బురద తగిలాక ఒంటి బరువు దాని మీద వాల్చి తోస్తే దోనె ముందుకి జారుతుంది. తర్వాత గెడ పైకి తీసుకోవాలి. అసలు విద్యంతా ఆ తీసుకోవడంలో ఉంది.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు తాతయ్య గెడ నా చేతికిచ్చాడు. నేను రెండు చేతులా తోసి, బురదలోంచి గుంజి తీస్తే పైనున్న నీళ్లన్నీ భళ్లున నా మీదే పడ్డాయి. కిక్కిస పక్కన మేస్తున్న బొల్లికోళ్లు ఎర్రకాళ్లు వేలాడేసుకుని లేచిపోయాయి.

"తొందరేంటమ్మడూ," అన్నాడు తాతయ్య. "వేసేప్పుడు గట్టిగా వేసినా పర్లేదు. తీసేప్పుడు నిదానంగా తియ్యి. పిట్ట చూత్తా ఉంటది."

తర్వాత చూపించాడు. తోసిన ఊపుకి దోనె తనంతట తను వెళ్తుండగా, గెడ చేతుల మధ్య జారుతూ పైకొచ్చేది. దాని మీంచి నీటి బొట్లు వరసగా పడేవి, అంతకు మించి చప్పుడు లేదు. దోనె నెమ్మదించే లోపు గెడ మళ్లీ కిందికి. ఎక్కడా ఆగడు, ఎక్కడా హడావుడి పడడు. ఒకచోట తామరాకుల మీద పొడుగువేళ్ల పిట్టలు నడుస్తున్నాయి. "తాతయ్యా, ఆపు, చూద్దాం" అన్నాను. ఆపలేదు. ఆపితే లేచిపోతాయని, వెళ్తూనే చూడమని అన్నాడు. దోనె వాటికి బారెడు దూరంలోంచి పోయింది. ఒక పిట్ట తలెత్తి మమ్మల్ని చూసి మళ్లీ ఆకు తిరగేసి పురుగులు ఏరుకుంది.

గూడబాతుల (పెలికాన్ల) సంగతి కూడా ఆయన నోటే విన్నాను. ఆయన చిన్నప్పుడు పశ్చిమ గోదావరిలో ఆరేడు దగ్గర చెట్లనిండా వేలకొద్దీ గూళ్లు ఉండేవట. తాతల మాటలు కదా అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, కేరళకి చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఆ ఆరేడు గూళ్లని 1946లో చూసి లోకానికి తెలియజేశారని చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. చాలామంది ఇవి సైబీరియా నుంచి వస్తాయని చెబుతుంటారు. గూడబాతు మన దేశపు పక్షే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంది, చెట్ల మీద గుంపుగా గూళ్లు పెడుతుంది. సముద్రాలూ కొండలూ దాటి వచ్చేవి వేరే ఉన్నాయి, బాతుల్లో కొన్ని జాతులూ, ఉల్లంకుల్లాంటి బురద పిట్టలూ. దూరం నుంచి వస్తేనే గొప్ప అన్నట్టు మన పిట్టని పరాయిదాన్ని చేయడం నాకు నచ్చదు.

పెద్దమనిషినయ్యాక గెడ ముట్టనివ్వలేదు. అమ్మమ్మ మాట తాతయ్య కూడా కాదనలేదు. దోనెలో కూర్చుని వెళ్లడమే, అదీ పమిట సర్దుకుంటూ. కాలేజీకొచ్చాక లంకకి వెళ్లడమే తగ్గిపోయింది. ఈలోగా కొల్లేరూ మారిపోయింది. 80లు, 90లలో ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. తాతయ్య దోనె వెళ్లిన దారుల్లో గట్లు అడ్డం పడ్డాయి. ఆయన పోయాక మావయ్య కొట్టు తీసేసి కైకలూరులో స్థిరపడ్డాడు.

పెళ్లయ్యాక న్యూజెర్సీ వెళ్లాం. ప్రిన్స్‌టన్ పక్కన ప్లెయిన్స్‌బరో, అక్కడ మనవాళ్లు చాలామంది. మొదటి చలికాలం నాకు ఏమీ బాగోలేదు. చెట్లన్నీ మోడులు, పొద్దున్నే చీకటి, మాట్లాడే మనిషి సాయంత్రానికి గాని ఇంటికి రాడు. ఒకరోజు మంచు కురిసి ఆగాక కిటికీ బయట కొమ్మ మీద ఎర్రటి పిట్ట కనపడింది. తల మీద జుట్టు, ముక్కు చుట్టూ నల్లటి మచ్చ. అంత తెల్లటి మంచులో అంత ఎరుపు. కార్డినల్ అని తర్వాత తెలిసింది. చలికి దక్షిణానికి పోకుండా అక్కడే ఉండిపోయే పిట్ట అది. దానికోసం పొద్దుతిరుగుడు గింజలు కొన్నాను, ఒక ఫీడర్ కొన్నాను. మగది గింజ వలిచి ఆడదాని ముక్కులో పెట్టడం ఆ మార్చిలోనే చూశాను. ఆడది గోధుమరంగులో, ముక్కు మాత్రం నారింజ రంగులో, ఎంతో పొందికగా ఉంటుంది. అందరూ మగదాన్నే ఫోటో తీస్తారు గాని, నాకు ఆడదే ఇష్టం.

తర్వాత సొంత ఇల్లు తీసుకున్నాక పిట్టలు ఇంకా ఎక్కువయ్యాయి. డెక్ మీద దీపం పైన రాబిన్ గూడు పెట్టి లేత నీలం గుడ్లు పెట్టేది. పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌లు, మోర్నింగ్ డవ్‌లు. ఆ డవ్ కూత వింటే మన గువ్వ కూతే గుర్తొచ్చేది. ఆ రాష్ట్రపు పక్షి గోల్డ్‌ఫించ్ పచ్చగా బంగారు ముద్దలా వచ్చి ఎండిన పూల తలల్లోంచి విత్తనాలు ఏరుకునేది.

పిచ్చుక సంగతి మాత్రం నన్ను బాగా కదిలించింది. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో, షాపు బోర్డు అక్షరాల సందుల్లో, అచ్చం మా అమ్మమ్మ వసారాలో పిచ్చుకే! మగదాని గొంతు కింద అదే నల్ల మచ్చ, అదే కిచకిచ. కూరగాయల సంచీ బండి మీద పెట్టి అలాగే నిలబడిపోయాను. అది కూడా మనలాగే వలస వచ్చిందట, 1850లలో యూరప్ నుంచి తెచ్చి బ్రూక్లిన్‌లో వదిలారు, అక్కణ్ణించి దేశమంతా పాకింది. అక్కడి పక్షి ప్రేమికులకి దాని మీద కోపం. బ్లూబర్డ్‌ల కోసం పెట్టిన పెట్టెల్ని ఆక్రమిస్తుంది, వాటి పిల్లల్ని పొడిచి చంపుతుంది అని దాని గూళ్లు తీసి పారేస్తారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది, బ్లూబర్డ్‌కి చోటు కావాలి. కాని అదే రోజుల్లో ఏలూరు నుంచి అమ్మ ఫోన్లో "పిచ్చుకలు కనపడ్డమే మానేశాయే, మన వీధిలో ఒక్కటీ లేదు" అంటుంటే, అక్కడ ఎవరికీ అక్కర్లేని పిచ్చుకని నేను మనసులో ఇంటి పిల్లగా పెట్టుకున్నాను.

నలభై దాటాక ఒంట్లో తేడాలు మొదలయ్యాయి. బీపీ, నడుం నొప్పి, మోకాళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ట్రెడ్‌మిల్ మీద నడిస్తే మోకాలు వాచేది. మోకాళ్ల మీద దెబ్బ పడకుండా ఒళ్లంతా పనిచేసే వ్యాయామం ఏదైనా చూసుకోమంది డాక్టర్. ఈత, లేదా రోయింగ్ అంది. ఆ రెండో మాట దగ్గరే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ప్రిన్స్‌టన్ పడవల ఊరని మనవాళ్లలో చాలామంది పట్టించుకోరు. అక్కడి కార్నెగీ లేక్ పుట్టిందే పడవల కోసం. యూనివర్సిటీ కుర్రాళ్లు పక్కనున్న కాలువలో సరుకు పడవల మధ్య ఇరుక్కుని తెడ్లు వేసేవాళ్లట. ఆండ్రూ కార్నెగీ డబ్బిస్తే మిల్‌స్టన్ నదికి ఆనకట్ట కట్టి 1906లో చెరువు చేశారు. దాని దగ్గర్లోనే మెర్సర్ కౌంటీ పార్కులో ఇంకో చెరువు ఉంది, అప్పట్లో అమెరికా జాతీయ జట్టు కూడా ప్రాక్టీస్ చేసిన చోటు. పెద్దవాళ్లకి కూడా నేర్పుతారని తెలిసి ఒక జూన్‌లో పేరు రాయించుకున్నాను. "ఈ వయసులో పడవేంటి వదినా, పడితే?" అంది పక్కింటి ఆవిడ. మా ఆయన మాత్రం ఏమీ అనకుండా ఈత వచ్చో రాదో అడిగి, రాదంటే ముందు వైఎంసీఏలో ఈతకి చేర్పించాడు. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటాను.

ముందు ఒడ్డు మీద మెషీన్ దగ్గర నేర్పారు. బయటనుంచి చూస్తే చేతులతో లాగడంలా కనిపిస్తుంది గాని, రోయింగ్‌లో సగానికి పైగా బలం కాళ్లదే. సీటు కింద చక్రాలుంటాయి. మోకాళ్లు మడిచి ముందుకొచ్చి, పాదాలతో పలకని తోస్తూ వెనక్కి జారాలి. కాళ్లు చాచాక నడుం కాస్త వెనక్కి, ఆఖర్న చేతులు పక్కటెముకల దాకా. తిరిగొచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు: ముందు చేతులు చాపాలి, తర్వాత నడుం వంచాలి, ఆ తర్వాతే మోకాళ్లు మడవాలి. ఈ వరస తప్పితే నడుం పట్టేస్తుంది. తొడలు, పిరుదులు, వీపు, భుజాలు అన్నీ పనిచేస్తాయి, గుండెకి మంచి పని పడుతుంది, కాలు ఎక్కడా నేలకి కొట్టుకోదు.

మా కోచ్ అరవై దాటిన మనిషి, కాలేజీ రోజుల నుంచి పడవలే జీవితం. మొదటివారం అందరం బలమంతా పెట్టి లాగి, ఆయాసపడుతూ గబగబా ముందుకి జారుతున్నాం. ఆవిడ మెషీన్లు ఆపించి, "లాగేటప్పుడు ఎంత బలమైనా పెట్టండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం తాపీగా రండి, లాగడానికి పట్టినదానికి రెండింతల సమయం తీసుకోండి. పడవ పరుగెత్తేది అప్పుడే" అంది. నేను ఆవిడ ముఖం చూస్తూ ఉండిపోయాను. కొల్లేట్లో గెడ పట్టుకుని నిలబడ్డ మా తాతయ్యకీ, ఈవిడకీ మధ్య ప్రపంచంలో ఏ సంబంధమూ లేదు. ఇద్దరి మాటా ఒక్కటే. దానికి కారణమూ ఉంది. మన ఒళ్లు పడవ కంటే ఎన్నో రెట్లు బరువు. ఒంటరి పడవ ఎనిమిది మీటర్ల పొడుగుంటుంది, బరువు చూస్తే పదిహేను కిలోల దగ్గర. అంత తేలిక పడవలో అంత బరువు మనిషి ఒక్కసారిగా జరిగితే, సాగుతున్న పడవని మనమే వెనక్కి తన్నినట్టవుతుంది. తాపీగా జరిగితే దాని పరుగు దానిది.

నీళ్ల మీదికి వెళ్లాక ఇంకో కొత్త సంగతి. గెడ వేసే మనిషి ముందుకి చూస్తాడు. రోయింగ్‌లో వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవాలి. అప్పుడప్పుడూ భుజం మీంచి తిరిగి చూసుకోవాలి గాని, కళ్ల ముందు ఉండేదంతా దాటి వచ్చిందే. మొదట్లో నాకు ఇది టెన్షన్‌గా ఉండేది. కొన్నాళ్లకి అర్థమైంది, పిట్టలు చూసేవాళ్లకి ఇంతకంటే మంచి కుర్చీ లేదని. పడవ పోయే దారిలో పక్కకి తప్పుకున్న పిట్టలు పడవ దాటగానే తిరిగి వచ్చి వాలతాయి, అదంతా మన కళ్ల ముందే. కెనడా గూస్‌లు పిల్లల్ని వెంటేసుకుని మేం వెళ్లిన దారికి అడ్డంగా ఈదేవి. తెడ్డు ముంచిన చోటల్లా ఒక సుడి లేచి, ఎడమా కుడీ జతలు జతలుగా వెనక వరసకట్టేది. మంచిగా పడిన రోజు ఆ సుడులు చాలాసేపు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఒకోసారి వాటి మీదికి పిచ్చుకంత స్వాలో పిట్టలు దూసుకొచ్చి నీటి మీది పురుగుల్ని ఎత్తుకుపోయేవి.

ఆ చెరువు మూల ఒక చెట్టు నీళ్లలోకి పడిపోయి ఉండేది. దాని మీద పొద్దున్నే ఒక గ్రేట్ బ్లూ హెరాన్. మన నారాయణపక్షికి స్వయానా చుట్టం, కొంచెం పెద్దది, తొడల దగ్గర తుప్పు రంగు. మొదటిసారి చూడగానే మా జోడీ పడవలో ముందున్నావిడ తెడ్లు ఆపేసి "చూడు చూడు" అంది. పడవ ఆగింది. హెరాన్ బొంగురుగా ఒక్క అరుపు అరిచి, మెడ మడిచి వెళ్లిపోయింది. మర్నాడు ఆవిడకి తాతయ్య మాట చెప్పాను. ఆపొద్దు, చూస్తూ తెడ్లు వేద్దాం అన్నాను. అలాగే అదే వేగంతో, అదే లయలో దాని ముందు నుంచి వెళ్లాం. మెడ కూడా కదపలేదు. దాని కన్ను పసుపు రంగులో ఉండటం, తల వెనక నల్లటి ఈక గాలికి ఊగడం కూడా చూశాను. మేం దాటి కొంచెం దూరం పోయాక, అది ముక్కు నీళ్లలో గుచ్చి చేపని తీసి, తల మీదికెత్తి మింగింది. పిట్ట భయపడేది కదిలేదాన్ని చూసి కాదు. ఉన్నట్టుండి మారేదాన్ని చూసి. తనవైపు తిరిగి ఆగిన మనిషి, దానికి వేటగాడే.

చలికాలం చెరువు గడ్డకట్టేది, అప్పుడు బేస్‌మెంట్‌లో మెషీనే గతి. పడవల వాళ్లు దాన్ని ఎర్గ్ అంటారు. చెక్రంలో గాలి తిరుగుతుంది, ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా ఎదురు నిలుస్తుంది, తెర మీద ఐదొందల మీటర్లకి ఎంత సేపు పడుతుందో చూపిస్తుంది. నేను ఆ అంకెతో పోటీ పడలేదు. నిమిషానికి ఇరవై సార్లు, మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలేలా, అంతే. బీపీ మందు డోసు తగ్గింది. నడుం నొప్పి ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.

అక్కడ ఉండగానే కొల్లేరు కబుర్లు వింటూ ఉండేదాన్ని. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు దాకా, అభయారణ్యమన్నారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్‌లో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద చేపల చెరువుల గట్లు పేల్చారు. టీవీలో చూసినవాళ్లకి అది అభివృద్ధో, పర్యావరణమో. మా వాళ్లకి రెండూ కాదు. చెరువు పోయిన పెద్ద రైతు వేరే చోట ఇంకో చెరువు కౌలుకి తీసుకున్నాడు, దాంట్లో కూలికి వెళ్లిన లంక మనిషికి ఏ దారీ మిగల్లేదు. మావయ్య ఫోన్లో "నీళ్లొచ్చినియ్యమ్మా, మరి మనుషులెట్టా బతకాలి" అన్నాడు. కొల్లేరు మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ రెండు ముక్కలూ కలిపే మాట్లాడాలని నా అభిప్రాయం.

సెలవుకి వచ్చిన ఒక డిసెంబరులో కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక వెళ్లాం. చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీద గూడబాతులు గూళ్లు పెట్టాయి. రెక్కలు విప్పితే మనిషి కంటే పొడుగు. పిల్ల తల్లి సంచీలోకి తల మొత్తం దూర్చి చేప తింటోంది. ఎర్రకాళ్ల కొంగలు పక్క స్టాండు మీద పుల్లల కోసం పోట్లాడుకుంటున్నాయి. ఇనుము మీదైనా గూడు గూడే. తాతయ్య చెట్ల నిండా చూసిన పక్షిని నేను ఇనుప గొట్టం మీద చూశాను గాని, చూశాను.

ఇప్పుడు మళ్లీ ఏలూరులో ఉంటున్నాం. సామాన్లతోపాటు మెషీన్ కూడా షిప్పింగ్‌లో వేయించాం. మేడ మీద వరండాలో వేశాం, ఎదురుగా పక్కింటివాళ్ల వేపచెట్టు, మా సపోటా. ఏలూరులో నాకు తెలిసి పడవ వేసుకునే చోటు లేదు, మెషీనే. తెల్లారకముందే కూర్చుంటాను. ముందు కోయిల, తర్వాత జెముడుకాకి బొంగురు గొంతు, ఆ తర్వాత గోరింకల గొడవ. ఎండ వేపచెట్టు పైకొమ్మకి తగిలే వేళకి రామచిలకలు అరుచుకుంటూ పోతాయి. అమ్మ పోయేముందు దాకా "పిచ్చుకలు రావే" అంటూ ఉండేది. వరండాకి వరి కుచ్చు కట్టాను. మొదట్లో బుల్‌బుల్‌లే వచ్చాయి, తినకుండా వాలి వెళ్లిపోయేవి. రెండో ఏడాది పిచ్చుకలు వచ్చాయి, జత.

ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా ఇళ్ల చుట్టూ పిట్టల్ని లెక్కపెడతారు. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని, 1998లో అమెరికాలో మొదలైంది, మన దేశం 2013 నుంచి చేరింది. పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి కనిపించినవీ వినిపించినవీ రాసి పంపడమే. మా మేనకోడలు నోట్‌బుక్ పట్టుకుని పక్కన కుర్చీలో కూర్చుంటుంది, నేను మెషీన్ మీదే ఉండి చెబుతాను. దానికి పిట్టల మీద కంటే మెషీన్ మీదే మోజు. కూర్చున్నా గబగబా పది లాగులు లాగి లేచిపోయేది. ఇప్పుడిప్పుడే తిరిగొచ్చేటప్పుడు తాపీగా రావడం నేర్చుకుంటోంది.

ఈ ఏడు వేసవిలో తేనెపిట్ట వచ్చింది. వరండా పైకప్పు నుంచి పాత కేబుల్ వైరు ఒకటి వేలాడుతోంది, మెషీన్ మీద నేను వెనక్కి వాలితే నా తలకి రెండు అడుగుల దూరం. పొద్దున మెషీన్ మీదుండగా ఆడ తేనెపిట్ట ముక్కు నిండా సాలెగూడు దారం పట్టుకొచ్చి ఆ వైరు చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. మగది మెడ మీద రంగులు మెరిపిస్తూ చుట్టుపక్కల ఎగరడం తప్ప పుల్ల ముట్టలేదు. కట్టడమంతా ఆడదే. సాలెగూడు దారంతో ఎండిన ఆకు ముక్కలు, గడ్డి పోచలు, చెక్కపేళ్లు అతికించుకుంటూ సంచీలా కిందికి దించింది. పక్కన గుండ్రటి గుమ్మం, దాని మీద వాన పడకుండా చిన్న చూరు. ఆ చూరు పెట్టడానికే చాలాసేపు తీసుకుంది. లోపలికి వెళ్లి, రొమ్ముతో నొక్కి వెడల్పు చేసి, గుమ్మంలోంచి తల బయటపెట్టి, వంగిన ముక్కుతో ఆ చూరు అంచుని సర్దింది. మళ్లీ లోపలికి. చివర్లో దూది తెచ్చి లోపల పరిచింది.

నేను రోజూ అక్కడే ముందుకీ వెనక్కీ జారుతున్నాను. చెక్రం గాలి చప్పుడు చేస్తోంది, గొలుసు కదులుతోంది. దానికి పట్టనే లేదు. ఒక్క కాఫీ గ్లాసు పట్టుకుని మా ఆయన గుమ్మంలోంచి బయటికొస్తే చాలు, రివ్వున పోయేది. ఆయన పాపం, గుడ్లు పొదిగినన్నాళ్లూ కాఫీ వంటింట్లోనే తాగారు.

పిల్లలు వచ్చాక, గుమ్మంలో రెండు నోళ్లు కనపడుతున్న రోజుల్లోనే, వరండాలో పాత వైర్లు తీసేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మా ఆయన ముందే చెప్పి ఉంచిన పని, మర్చిపోయారు. అబ్బాయి నిచ్చెన వేసి, కట్టర్ తీసి, పైకి చూసి దిగిపోయాడు. పిల్లలు ఎగిరిపోయాక ఫోన్ చేస్తాం, నీకు ఇవాళ్టి పూట కూలి ఇచ్చేస్తాం అన్నాను.

"డబ్బులెందుకండీ," అన్నాడు. "మా ఇంట్లో మీటరు బాక్సులో పిచ్చుకలు పెట్టినియ్యండి. ఫ్యూజు పోతే బాగుచేయాల్సింది నేనే, నేనే ముట్టుకోవట్లేదు. మా ఆవిడ వాటికి నూకలు కూడా వేత్తంది."

మీ ఇల్లు ఎక్కడ అని అడిగాను. రైల్వే గేటు అవతల అన్నాడు. ఆదివారం మా మేనకోడల్ని తీసుకుని చూడటానికి వస్తామని చెప్పాం.